షేరు ధర పడితే ఆ డబ్బంతా ఎక్కడికి పోతుంది?

#1 ప్రశ్నలపుట్ట
అందరికీ నమస్కారం. మార్కెట్ బాగా పడిన రోజు వార్తల్లో ఒకటే మాట: "ఇన్వెస్టర్ల సంపద ఇన్ని లక్షల కోట్లు ఆవిరి". ఆవిరై ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పరు. ఎవరో ఒకరి జేబులోకి పోవాలి కదా. అమ్మినవాళ్ళకి వచ్చిందా అంటే, వాళ్ళు అమ్మిన ప్రతి షేరునీ ఇంకొకరు కొన్నారు. మరి "అమ్మకాలు ఎక్కువై ధర పడింది" అంటారేంటి? అసలు ధర పెట్టేది ఎవరు, కంపెనీయా, ఎక్స్ఛేంజా? ఏ వీడియో చూసినా "డిమాండ్ అండ్ సప్లై" అనేసి దాటేస్తున్నారు. దయచేసి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పకండి, లోపల ఏం జరుగుతుందో అది చెప్పండి.

#2 సందేహజీవి
ఆపరేటర్ల (ధరల్ని తెరవెనక ఆడించేవాళ్ళ) జేబులోకి పోతుంది. థ్రెడ్ మూసేయొచ్చు.

#3 టిక్‌బైటిక్
మూసేయకండి, నేను ఇప్పుడే టైప్ చేయడం మొదలుపెట్టా.

ముందు రెండో ప్రశ్న. ధర ఎవరూ "పెట్టరు". ఎక్స్ఛేంజ్ కంప్యూటర్లో ఒక్కో షేరుకి ఒక ఆర్డర్ బుక్ ఉంటుంది. ఒకపక్క కొనేవాళ్ళ ఆర్డర్లు, అవి బిడ్లు. ఇంకోపక్క అమ్మేవాళ్ళవి, అవి ఆస్క్‌లు. ఏదో ఒక షేరు బుక్ ఈ క్షణంలో ఇలా ఉందనుకోండి:

కొనేవాళ్ళు
99.90 దగ్గర 300
99.85 దగ్గర 500
99.80 దగ్గర 1,000

అమ్మేవాళ్ళు
100.00 దగ్గర 200
100.10 దగ్గర 400
100.50 దగ్గర 1,000

ఇవన్నీ లిమిట్ ఆర్డర్లు. "నా రేటు ఇది, వస్తే రండి" అని కూర్చున్నవాళ్ళవి. ఎవరూ మెట్టు దిగకపోతే రోజంతా ఇలాగే ఉంటుంది, ఒక్క ట్రేడ్ కూడా జరగదు. 99.90కీ 100.00కీ మధ్య ఖాళీనే స్ప్రెడ్ అంటారు.

ఇప్పుడు ఒకాయన వచ్చి "ఎంతైనా ఫరవాలేదు, 700 కావాలి" అని మార్కెట్ ఆర్డర్ కొట్టాడు. సిస్టమ్ ఏం చేస్తుంది? చవగ్గా ఉన్నవి ముందు ఇస్తుంది. 100.00 దగ్గర 200, 100.10 దగ్గర 400, ఇంకా 100 తక్కువ పడ్డాయి కాబట్టి 100.50 దగ్గర 100. మొత్తం 70,090 ఖర్చు, సగటు దాదాపు 100.13. కానీ స్క్రీన్ మీద కనపడే "ధర" 100.50, ఎందుకంటే చివరి ట్రేడ్ అక్కడ జరిగింది. మనం ధర అని పిలుస్తున్నది ఆ చివరి ట్రేడ్ తాలూకు అంకె, అంతే.

ఒకే రేటుకి ఇద్దరు ఆర్డర్ పెడితే ముందు వచ్చినవాడిది ముందు. ముందు రేటు, తర్వాత టైమ్. చాలా ఎక్స్ఛేంజీల్లో మ్యాచింగ్ రూల్ ఇదే.

"అమ్మకాలు ఎక్కువ" అన్నది నిజానికి తప్పు మాటే, మీరు సరిగ్గా పట్టుకున్నారు. కొన్నవీ అమ్మినవీ ఎప్పుడూ సమానమే. తొందర ఎవరికి ఉందన్నదే తేడా. అమ్మేవాడికి తొందరుంటే అవతలివాళ్ళ బిడ్లని మెట్టు మెట్టు తినుకుంటూ కిందికి వెళ్తాడు. కొనేవాడికి తొందరుంటే పైకి.

#4 మందారం
ఆ లెక్కనే కొంచెం పొడిగిస్తా, మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఆ కంపెనీకి మొత్తం 10 కోట్ల షేర్లు ఉన్నాయనుకోండి. అంతకుముందు ట్రేడ్ 99.90 దగ్గర జరిగింది. మన తొందర మనిషి కొన్నాక 100.50. తేడా 0.60. దాన్ని 10 కోట్లతో గుణిస్తే 6 కోట్లు. కంపెనీ మార్కెట్ క్యాప్ (మొత్తం షేర్ల విలువ) 6 కోట్లు పెరిగిందని స్క్రీన్ చూపిస్తుంది. నిజంగా చేతులు మారిన డబ్బు 70,090.

కాసేపటికి ఇంకొకరు ఓ 100 షేర్లు 99.90కి అమ్మేశారు. 6 కోట్లు "ఆవిరి". ఎవరి ఖాతాలోంచీ 6 కోట్లు పోలేదు, ఎవరి ఖాతాలోకీ రాలేదు. వీధిలో ఇరవై ఇళ్ళుంటే ఒకటి తక్కువకి అమ్ముడుపోయిన రోజు మిగతా పంతొమ్మిది ఇళ్ళ యజమానులూ మనసులో లెక్క తగ్గించుకుంటారు చూడండి, అదే పని ఇక్కడ కంప్యూటర్ ప్రతి సెకనూ చేస్తుంది.

#5 సందేహజీవి
పోలిక కుదరలేదండీ. ఏ రెండు ఇళ్ళూ ఒకేలా ఉండవు. షేర్లన్నీ అచ్చు ఒకటే.

#6 మందారం
నిజమే, అందుకే ఇక్కడ ఆ లెక్క ఇంకా గట్టిగా కనపడుతుంది. అందరివీ ఒకే రకం షేర్లు కాబట్టి ఒక్కటి అమ్మిన రేటు అన్నింటికీ అంటుకుంటుంది. కానీ ఆ 10 కోట్లూ ఒకేసారి అమ్మకానికి వస్తే ఆ రేటు వస్తుందా? పైన బుక్ చూడండి. కొనడానికి నిలబడ్డవి మొత్తం కలిపి 1,800 షేర్లు.

#7 ప్రశ్నలపుట్ట
ఓహో. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. కానీ ఒక్క నిమిషం. నేను 150కి కొని 100కి అమ్మితే నా 50 నిజంగానే పోయింది కదా? అది కూడా ఆవిరేనా?

#8 మందారం
ఆ 50 నిజంగానే పోయింది. కాకపోతే ఇవాళ పోలేదు. మీకు 150కి అమ్మినాయన ఆ రోజే పట్టుకెళ్ళాడు. ఇవాళ మీ దగ్గర కొన్నాయన 100 ఇచ్చి 100 విలువ చేసే షేరు తీసుకున్నాడు, మీ దగ్గర ఏమీ దోచుకోలేదు. మధ్యలో బ్రోకరేజీ, పన్నులు ఇద్దరికీ పడ్డాయి, అది వేరే సంగతి.

"అమ్మితేనే నష్టం, అమ్మకపోతే కాగితం మీదే" అనే మాట మాత్రం నాకు అస్సలు నచ్చదు. షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చినవాళ్ళని అడగండి. ధర ఒక గీత దాటి పడగానే అప్పిచ్చినవాళ్ళు ఇంకా మార్జిన్ (హామీ సొమ్ము) కట్టమంటారు. కట్టకపోతే వాళ్ళే అమ్మేస్తారు. ఆ అమ్మకంతో ధర ఇంకాస్త పడుతుంది, ఇంకొకరికి ఫోన్ వెళ్తుంది. అంకె కాగితం మీదిదే, దాని దెబ్బ మాత్రం నిజం.

#9 చూస్తూఉంటా
ఇంతకీ వీళ్ళు కొని వాళ్ళు అమ్మితే కంపెనీకి ఏం ఒరిగింది?

#10 పాతలెడ్జర్
నేరుగా ఏమీ లేదు బాబూ. ఐపీఓలో (జనానికి తొలిసారి షేర్లు అమ్మడం) కొత్త షేర్లు అమ్మినప్పుడు కంపెనీకి డబ్బు వస్తుంది. ఆ ఐపీఓలో పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకుంటే ఆ భాగం వాళ్ళకే పోతుంది, కంపెనీకి కాదు. తర్వాత మార్కెట్లో లక్షసార్లు చేతులు మారినా కంపెనీకి పైసా రాదు. అలాగని పట్టించుకోకుండా ఉండలేదు. రేపు ఇంకో ఇష్యూకి వెళ్ళాలన్నా, షేర్లు ఇచ్చి వేరే కంపెనీని కొనాలన్నా, ఉద్యోగులకి షేర్లు ఆశ చూపాలన్నా ఈ రేటే ఆధారం.

#11 సందేహజీవి
సరే, ధర అంటే చివరి ట్రేడే అన్నారు. అంటే దాని వెనక ఏమీ లేదన్నమాట. అదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది, ఇది పేకాట.

#12 మందారం
ధర ఎలా పుడుతుందన్నది ఒక ప్రశ్న, ఆ బుక్‌లో ఎవరు ఎంతకి నిలబడతారన్నది ఇంకోటి. 99.90కి కొంటానని నిలబడినాయన ఊరికే నిలబడలేదు. షేరు అంటే కంపెనీ సంపాదనలో, ఆస్తుల్లో వాటా. సిబ్బందికీ అప్పులవాళ్ళకీ పన్నులకీ పోగా మిగిలినదాంట్లో వాటా. కంపెనీ మునిగితే అందరికంటే చివర చెయ్యి చాపాల్సింది వాటాదారుడే, కానీ పెట్టినదానికంటే ఎక్కువ పోదు.

డివిడెండ్ (లాభంలోంచి వాటాదారులకి పంచే డబ్బు) ఇవ్వని కంపెనీ షేరుకి విలువేంటని అడుగుతారు, ముందే చెప్తున్నా. మైక్రోసాఫ్ట్ 1986లో లిస్ట్ అయింది, మొదటి డివిడెండ్ ఇచ్చింది 2003లో. మధ్యలో ఆ లాభమంతా కంపెనీలోనే ఉండి పనిచేసింది, అందులో వాటా షేరుదారుడిదే. వారెన్ బఫెట్ బర్క్‌షైర్ హాథవే అయితే ఆయన చేతికి వచ్చాక ఒకే ఒక్కసారి, 1967లో డివిడెండ్ ఇచ్చింది.

రోజువారీ ట్రేడింగ్‌లో ఒకరి లాభం ఇంకొకరి నష్టమే, ఖర్చులు పోగా మొత్తానికి నష్టమే. ఆ మాట వరకూ మీతో ఏకీభవిస్తా. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (ధర ముందుముందు ఎటు పోతుందన్నదాని మీద కుదుర్చుకునే ఒప్పందాల్లో) 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసి, వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమేనని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. ఏళ్ళ తరబడి వాటా పట్టుకోవడం వేరు, అక్కడ కంపెనీ సంపాదన అనే కొత్త డబ్బు వచ్చి చేరుతుంది.

#13 సందేహజీవి
93 శాతం. చూశారా. నేనేం అన్నాను?

సరే, ఇంకోటి అడుగుతా. ఆ ఆర్డర్ బుక్‌లో దొంగ ఆర్డర్లు పెట్టి, జనం కదలగానే తీసేసేవాళ్ళ సంగతేంటి?

#14 టిక్‌బైటిక్
ఉన్నారు. దాన్ని స్పూఫింగ్ అంటారు. కొనే ఉద్దేశం లేకుండా పెద్ద బిడ్ పెట్టడం, అది చూసి జనం "ఓహో, గట్టి సపోర్ట్ ఉంది" అని పైకి ఎగబడటం, వీడు తనవి అమ్ముకుని ఆ బిడ్ తీసేయడం. అమెరికాలో 2010 డాడ్-ఫ్రాంక్ చట్టంతో ఇది పేరుపెట్టి మరీ నేరమైంది. నవీందర్ సింగ్ సరావ్ అని ఒక ట్రేడర్, లండన్ శివార్లలో తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని అమెరికా ఫ్యూచర్స్‌లో ఈ పని చేశాడు. 2015లో అరెస్ట్ చేశారు, 2016లో నేరం ఒప్పుకున్నాడు.

ఆయన పేరు 2010 మే 6 నాటి ఫ్లాష్ క్రాష్‌తో కూడా ముడిపడింది. ఆయన ఒక్కడి వల్లే అంతా జరిగిందంటే నేను నమ్మను, ఒక పెద్ద ఫండ్ ఆటోమేటిక్ అమ్మకం కూడా అందులో ఉంది. కానీ ఆర్డర్ బుక్ అంటే ఏంటో ఆ మధ్యాహ్నం చూపించినట్టు ఇంకేదీ చూపించలేదు. డౌ సూచీ (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సగటు) నిమిషాల్లో దాదాపు వెయ్యి పాయింట్లు కిందికి జారి, మళ్ళీ నిమిషాల్లోనే చాలావరకు పైకొచ్చింది. యాక్సెంచర్ షేరు ఒక సెంటుకి ట్రేడ్ అయింది. ఒక్క సెంటు! అదే సమయంలో సోథ్‌బీస్ షేరు లక్ష డాలర్లకి ఒక సెంటు తక్కువకి ట్రేడ్ అయింది.

ఎలాగంటే, అప్పట్లో మార్కెట్ మేకర్లు రెండుపక్కలా ఎప్పుడూ ఏదో ఒక రేటు పెట్టి ఉంచాలి. నిజంగా ట్రేడ్ చేసే ఉద్దేశం లేనప్పుడు మొక్కుబడిగా కొనే పక్క ఒక సెంటు, అమ్మే పక్క 99,999.99 పెట్టేవాళ్ళు. భయంతో అసలు బిడ్లన్నీ వెనక్కి తీసేసరికి బుక్‌లో మిగిలినవి ఆ మొక్కుబడి ఆర్డర్లే. మార్కెట్ ఆర్డర్ వచ్చి వాటికే తగిలింది. కంపెనీకి ఏమీ కాలేదు, బుక్ ఖాళీ అయింది అంతే. తర్వాత, పడకముందు రేటుకి 60 శాతం కంటే ఎక్కువ తేడాతో జరిగిన ట్రేడ్లని రద్దు చేశారు, అలాంటి మొక్కుబడి రేట్లు పెట్టడం కూడా మాన్పించారు.

#15 నిదానం (మోడరేటర్)
మధ్యలో "ష్యూర్ షాట్ కాల్స్" అంటూ గ్రూప్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఈ థ్రెడ్‌లో కొను, అమ్ము సలహాలు వద్దు. కొనసాగించండి.

#16 పాతలెడ్జర్
అందరూ ఆర్డర్ బుక్ దగ్గరే ఆగిపోయారు. మ్యాచ్ అయిన తర్వాత ఏం జరుగుతుందో ఎవరికీ పట్టదు. నేను బ్యాక్ ఆఫీసులోనే ముసలివాణ్ణయ్యాను, కాబట్టి ఇది నా వాటా.

ట్రేడ్ మ్యాచ్ అయింది అంటే ఇద్దరు తెలియనివాళ్ళ మధ్య మాట కుదిరింది, అంతే. షేరూ డబ్బూ ఇంకా కదల్లేదు. ఒకడు మాట తప్పితే? అక్కడ క్లియరింగ్ హౌస్ మధ్యలోకి వస్తుంది. ప్రతి అమ్మకందారుడికీ అదే కొనుగోలుదారు, ప్రతి కొనుగోలుదారుకీ అదే అమ్మకందారు అవుతుంది. అవతల ఎవరున్నారో మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందుకోసమే అది బ్రోకర్ల దగ్గర ముందే మార్జిన్ పట్టి ఉంచుతుంది. ఎవడైనా చేతులెత్తేస్తే అందులోంచి కట్టి, మిగతావాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చేస్తుంది.

తర్వాత సెటిల్‌మెంట్. భారత్‌లో 2023 జనవరికల్లా అన్ని షేర్లూ టీ+1కి, అంటే ట్రేడ్ అయిన మర్నాటి పనిదినానికి వచ్చాయి. అమెరికా 2024 మేలో వచ్చింది. ఈ తరానికి ఇది చిన్న విషయంలా కనపడుతుంది. కాగితం షేర్ల రోజుల్లో సర్టిఫికెట్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ డీడ్ జతచేసి పంపితే, సంతకం కొంచెం వంకర పోయిందని వెనక్కి వచ్చేది. బ్యాడ్ డెలివరీ అనేవాళ్ళం. ఆ కట్టలు విప్పి ఒక్కో సంతకం పోల్చి చూసుకునేవాళ్ళం. 1996లో ఎన్‌ఎస్‌డీఎల్ (షేర్లు దాచే డిపాజిటరీ) వచ్చి డీమ్యాట్ (కాగితం బదులు కంప్యూటర్ ఖాతాలో షేర్లు) మొదలయ్యాకే ఆ పీడ మెల్లగా వదిలింది.

మనకే కాదు. 1968లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కాగితాల గుట్టలు తెమల్చలేక, జూన్ నుంచి ఏడాది చివరిదాకా బుధవారాలు మార్కెట్టే మూసేసింది. వ్యాపారం ఎక్కువై సెలవు ఇచ్చారు!

#17 ఇంట్రాడే ఇంద్రుడు
బాగా చెప్పారు పెద్దాయనా. నాదొక డౌట్. షార్ట్ చేసేవాళ్ళు లేని షేరు ఎలా అమ్ముతారు? వాళ్ళే కదా ధర పడగొట్టేది?

#18 టిక్‌బైటిక్
అరువు తెచ్చి అమ్ముతారు, తర్వాత కొని తిరిగి ఇస్తారు. పడితే లాభం, పెరిగితే నష్టం, ఆ నష్టానికి హద్దు లేదు. పడగొట్టడం సంగతి చెప్పాలంటే, వాళ్ళు అమ్మేటప్పుడు బిడ్లు తింటారు, నిజమే. కానీ ఏదో ఒక రోజు తప్పనిసరిగా కొనాల్సినవాళ్ళు కూడా వాళ్ళే.

2008 అక్టోబర్‌లో జర్మన్ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ సంగతి చూడండి. అందులో తనకి 42.6 శాతం షేర్లు, ఇంకో 31.5 శాతం మీద ఆప్షన్లు ఉన్నాయని పోర్షే ఓ ఆదివారం ప్రకటించింది. కలిపితే 74.1. జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర 20 శాతం పైచిలుకు, అది అమ్మదు. మార్కెట్లో నిజంగా దొరికేది 6 శాతం లోపు. షార్ట్ చేసినవాళ్ళు తిరిగి కొనాల్సినవి అంతకంటే చాలా ఎక్కువ. ఏం జరుగుతుంది? శుక్రవారం 200 పైచిలుకు యూరోల దగ్గర ఉన్న షేరు మంగళవారం 1,000 యూరోలు దాటింది. కాసేపు ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ అదే.

మందారం గారు చెప్పిన గుణకారం గుర్తుందా? ఆ కాస్త షేర్ల కోసం కొట్టుకుంటున్నవాళ్ళ రేటుని కంపెనీ మొత్తం షేర్లతో గుణిస్తే వచ్చిన అంకె అది.

#19 ప్రశ్నలపుట్ట
అద్భుతం. ఇంకొకటి. సాయంత్రం 100 దగ్గర ఆగిన షేరు పొద్దున 92 దగ్గర తెరుచుకుంటుంది. మధ్యలో ఒక్క ట్రేడ్ లేదు. మరి మెట్టు మెట్టు దిగాలి కదా?

#20 టిక్‌బైటిక్
దిగక్కర్లేదు. చాలా ఎక్స్ఛేంజీల్లో తెరిచేముందు ఒక వేలం లాంటిది నడుస్తుంది, కాల్ ఆక్షన్ అంటారు. కొంతసేపు ఆర్డర్లు పోగేస్తారు కానీ మ్యాచ్ చేయరు. తర్వాత ఏ రేటు దగ్గర అత్యధిక షేర్లు చేతులు మారతాయో లెక్కకట్టి, ఆ ఒక్క రేటుకే అందరికీ ట్రేడ్ చేసేస్తారు. రాత్రి చెడ్డ వార్త వచ్చింది. నిన్న 99కి కొంటామన్నవాళ్ళెవరూ ఇవాళ ఆ రేటు పెట్టలేదు. 92 దగ్గర లెక్క కలిసింది. మీ మొదటి ప్రశ్నకి ఇదింకా మంచి ఉదాహరణ: 100 నుంచి 92 దాకా ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు, విలువ మాత్రం 8 శాతం తగ్గింది.

#21 సందేహజీవి
మరి మార్కెట్ మరీ కదిలితే సర్క్యూట్ (ట్రేడింగ్ నిలిపేసే హద్దు) పెట్టి ఆపేస్తారుగా. ఆపితే భయం తగ్గుతుందా? రేపు ఎలాగూ పడేదే కదా.

#22 పాతలెడ్జర్
1987 అక్టోబర్ 19న డౌ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. ఆపే యంత్రాంగం అప్పుడు లేదు, ఆ తర్వాతే పెట్టారు. ఇప్పుడు అమెరికాలో ఎస్ అండ్ పీ 500 సూచీ 7 శాతం పడితే పావుగంట ఆపుతారు, 13కి ఇంకో పావుగంట, 20 అయితే ఆ రోజుకి మూతే. 2020 మార్చిలో నాలుగుసార్లు ఆగింది. భారత్‌లో 10, 15, 20 శాతాలు, పైకైనా కిందికైనా. 2009 మే 18న ఎన్నికల ఫలితాల ఉత్సాహానికి పైకి పోయి ఆగింది, అది కూడా చూశాం.

భయం తగ్గుతుందో లేదో నాకు తెలియదు. మాకు తెలిసిందల్లా, ఆ విరామంలో క్లియరింగ్ వాళ్ళు ఎవరెవరు మార్జిన్ కట్టాలో లెక్క తేల్చుకుంటారు, బిడ్లు వెనక్కి తీసినవాళ్ళు మళ్ళీ పెట్టడానికి టైమ్ దొరుకుతుంది. కొందరు ఆపేస్తారేమోనన్న కంగారుతో ముందే అమ్మేస్తారు, ఆ వాదన కూడా ఉంది.

#23 ప్రశ్నలపుట్ట
ఇవాళ మొదటిసారి యాప్‌లో మార్కెట్ డెప్త్, అదే ఆర్డర్ బుక్, తెరిచి చూశా. పెద్ద కంపెనీలో బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య అతి చిన్న మెట్టు ఒకటే తేడా. నా దగ్గరున్న ఒక చిన్న కంపెనీలో మాత్రం దాదాపు 3 శాతం తేడా ఉంది! అంటే కొన్న మరుక్షణం అమ్మినా 3 శాతం పోయినట్టేనా?

#24 టిక్‌బైటిక్
మార్కెట్ ఆర్డర్ కొడితే అంతే. అలాంటి షేరులో మార్కెట్ ఆర్డర్ జోలికి పోకండి. రెండు రేట్లకీ మధ్యలో ఎక్కడో లిమిట్ పెట్టి కూర్చోండి. దొరక్కపోవచ్చు, దానికి సిద్ధపడాలి. ఇంకోటి, స్టాప్ లాస్ (ధర ఒక రేటుకి పడితే దానంతటదే అమ్మే ఆర్డర్) పెట్టి ఉంటే అది ఏ రకమో చూసుకోండి. మామూలు స్టాప్ లాస్ మీ రేటు తగలగానే మార్కెట్ ఆర్డర్‌గా మారిపోతుంది, ఆ పల్చని బుక్‌లో ఎక్కడ తెగుతుందో చెప్పలేం. స్టాప్ లిమిట్ అయితే మీరు చెప్పిన రేటు కంటే కిందికి అమ్మదు. కానీ పొద్దున 92 దగ్గర తెరుచుకున్న రోజు 95 లిమిట్ ఆర్డర్ అలాగే వేలాడుతూ ఉంటుంది.

#25 ప్రశ్నలపుట్ట
నాది మామూలుదే. ఇప్పుడే మారుస్తున్నా.

#26 చూస్తూఉంటా
నాదీ.